స్ట్రాంగ్ బీర్ అలవాటున్నవాళ్లకు బెల్జియన్ స్టైల్ పిల్స్‌నర్ నచ్చుతుందా?

అన్నా, తిరుపతిలో దొరికే స్ట్రాంగ్ బీరే మీకు అలవాటు, బెంగళూరు మెనూలో ‘బెల్జియన్ పిల్స్‌నర్’ కనబడింది, అది ధనియాలు, నారింజ తొక్క వేసే రకమేనా, డబ్బులు దండగ కాదు కదా అని అడిగారు.

ధనియాలది వేరే. అది విట్‌బియర్, గోధుమ కలిపి చేస్తారు, మసకగా ఉంటుంది. పిల్స్‌నర్ అంటే లేత రంగులో, కాస్త చేదుగా ఉండే లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు). అది అసలు బెల్జియంది కూడా కాదు, 1842లో బొహేమియాలోని (ఇప్పటి చెక్ దేశం) పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా ఆయన మొదట కాచాడు. బెల్జియం వాళ్లు తర్వాత దాన్ని సొంతం చేసుకున్నారు. అక్కడి స్టెల్లా ఆర్త్వా బ్రాండు 1926లో క్రిస్మస్ బీరుగా వచ్చిందే, ఇప్పటికీ అక్కడి జనం రోజూ తాగేది ఎక్కువగా పిల్స్‌నరే.

మాది చిత్తూరు, పని మీద బెంగళూరు వెళ్తుంటాను, అక్కడే కాచి పోసే ఒకచోట తాగాను. లేత బంగారు రంగు, వడకట్టలేదు కాబట్టి కొంచెం మసక, పైన తెల్లటి చిక్కటి నురగ, తాగేకొద్దీ గ్లాసు లోపలివైపు గీతలు గీతలుగా అంటుకుంటూ దిగింది. ముక్కు దగ్గర పెడితే ముందు బ్రెడ్ అంచు వాసన, దాని వెనకే పచ్చిగడ్డి, పూల వాసన (అది హాప్స్‌ది, బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు). మొదటి గుటకలో కాస్త తేనె తీపి తగులుతుంది, మింగేలోపే అది పోయి నాలుక వెనకభాగంలో చేదు పట్టుకుంటుంది, కాకరకాయ చేదు కాదు, నోరు శుభ్రంగా ఆరిపోయి ఇంకో గుటక అడిగే చేదు. చివర్లో బేరిపండు వాసన సన్నగా. బెల్జియన్ అన్నందుకు నాకు కనబడింది అదొక్కటే.

ఆ పండు వాసన ఈస్ట్‌ వల్ల. పిల్స్‌నర్‌ని మామూలుగా లాగర్ ఈస్ట్‌తో చల్లగా, 10 డిగ్రీల అటూఇటూగా పులియబెట్టి వారాల తరబడి నిలవ ఉంచుతారు, అందుకే రుచి అంత నీట్‌గా ఉంటుంది. చిన్న ఎత్తున సొంతంగా బీరు కాచే కొందరు (క్రాఫ్ట్ వాళ్లు) బెల్జియన్ ఏల్ ఈస్ట్ వేసి వెచ్చగా పులియబెడతారు, అప్పుడు అరటిపండు, లవంగం దాకా పోతుంది. అలాంటిది కూడా తాగాను, బాగాలేదని కాదు గానీ లవంగం వచ్చాక దాన్ని పిల్స్‌నర్ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఏ ఈస్ట్ అని కౌంటర్లో అడగండి, తెలిసినవాళ్లు టక్కున చెప్తారు.

మరీ ఐసు చల్లగా మాత్రం అడగొద్దు, నాలుక మొద్దుబారి అన్ని బీర్లూ ఒకటే అయిపోతాయి. 5 నుంచి 7 డిగ్రీలు చాలు, సగం గ్లాసు అయ్యాకే నాకు ఆ పండు వాసన బాగా తెలిసింది. కిక్ కోసమైతే వద్దు, ఆల్కహాల్ సుమారు 5 శాతం, మన స్ట్రాంగ్ బీర్లో 8 దాకా ఉంటుంది.

పక్కన ఉడకబెట్టిన శెనక్కాయలు ఉంటే చాలు. నాటుకోడి పులుసు కారానికి ఈ సున్నితమైన వాసనలేవీ నిలబడవు, అది తర్వాత సంగటితో తినండి. బాటిల్ కొంటే గోధుమరంగుదే తీసుకోండి, పచ్చ సీసాలో వెలుతురు తగిలి హాప్స్ కంపు కొడతాయి. అటునుంచి అటే కొండకు పోయే ప్లాన్ ఉంటే ఆ సీసా కార్లో ఉంచుకోవద్దు, అలిపిరిలో తనిఖీ ఉంటుంది. బెంగళూరులోనే తాగేదైతే ఫుల్ గ్లాసు చెప్పేముందు టేస్టింగ్‌కి కొంచెం పోయమనండి, చాలాచోట్ల పోస్తారు.