ఏ కోర్సులో ‘చేర్పించాలి’ అని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో అయిదేళ్లు మాన్యువల్ టెస్టింగ్ (సాఫ్ట్‌వేర్‌లో తప్పులను స్వయంగా వాడి చూసి పట్టుకునే పని) చేశాడు. ఎక్కువగా బ్యాంకు యాప్‌ల మీదే పని. రెండు నెలల క్రితం ఉద్యోగం తీసేశారు. అమీర్‌పేటలో ఒక సంస్థ డేటా సైన్స్ కోర్సుకు 95 వేలు అడుగుతోంది, వాయిదాల్లో కట్టవచ్చట. క్లౌడ్ (ఇంటర్నెట్‌లో అద్దెకు దొరికే సర్వర్ల) సర్టిఫికెట్ అయితే తక్కువలో అవుతుందంటున్నారు. ఎందులో చేర్పిస్తే త్వరగా ఉద్యోగం వస్తుంది? సంబంధాలు కూడా చూస్తున్నాం. – ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ ఉత్తరంలో కోర్సు ఉంది, ఫీజు ఉంది, పెళ్లి ఊసూ ఉంది. అబ్బాయి ఏమంటున్నాడో మాత్రం ఎక్కడా లేదు. అయిదేళ్లు సొంత సంపాదన మీద బతికిన మనిషిని, ఇంటర్మీడియట్ పిల్లాడిలా ‘చేర్పించడం’ ఏమిటండీ? ముందు అతణ్ని కూర్చోబెట్టి అడగండి. వినండి కూడా.

ఇలా రాసే తల్లిదండ్రులందరినీ లోలోపల తొలిచేది ఒకటే భయం: మా వాడి పని అయిపోయిందా? అయిపోలేదు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మారాలంటే చాలాచోట్ల అరవై, తొంభై రోజుల నోటీసు గడువు పూర్తిచేయాలి. మీ అబ్బాయి పిలిచిన మర్నాడే చేరగలడు. నౌకరీ లాంటి సైట్లలో రిక్రూటర్లు ఈ గడువును బట్టే అభ్యర్థులను వడపోస్తారు. ప్రొఫైల్‌లో వెంటనే చేరగలనని రాయమనండి.

ఇక డేటా సైన్స్. ఆ విద్య మీద నాకు అనుమానం లేదు, దాన్ని మూడు నెలల్లో చేతిలో పెడతామనే బోర్డుల మీదే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఒకప్పుడు జావా, శాప్ అని కనిపించిన బోర్డుల చోట ఇప్పుడు ఏఐ అని కనిపిస్తోంది. అలాంటి కోర్సుల్లో చాలామంది చేసే ప్రాజెక్టులు అవే: టైటానిక్ ప్రయాణికుల్లో ఎవరు బతుకుతారు, బోస్టన్‌లో ఇళ్ల ధరెంత. ఇంటర్వ్యూ చేసేవారు వాటిని ఎన్నిసార్లు చూసి ఉంటారో ఊహించండి. గణాంక శాస్త్రం మీద నిజంగా ఇష్టముంటే నేర్చుకోవచ్చు గానీ, అది ఏడాదికి పైబడిన పని. పైగా అక్కడ కొత్తవాడిగా మొదలుపెట్టాలి. ‘అనుభవం మేమే చూపిస్తాం’ అని సంస్థవాళ్లు అంటే వెంటనే లేచి వచ్చేయమనండి. పీఎఫ్ సభ్యుడికిచ్చే యూఏఎన్ నంబరుతో రికార్డు చూస్తే ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశాడో బయటపడుతుంది.

వాయిదాల సంగతి కూడా చూసుకోండి. చాలాచోట్ల అది ఫైనాన్స్ సంస్థ ఇచ్చే అప్పు. కోర్సు నచ్చక మానేసినా కిస్తీ ఆగదు, కట్టకపోతే అప్పుల చరిత్రను చూపే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. జీతం లేని మనిషి నెత్తిన అప్పు పెట్టడానికి ఇదా సమయం?

క్లౌడ్ విషయానికొస్తే, అమెజాన్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్షకు 150 డాలర్లు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. విలువున్నదే. కానీ సర్వర్ల జోలికే పోని టెస్టర్‌కు అదొక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదు.

నన్నడిగితే ఉన్నచోటి నుంచే ఒక మెట్టు ఎక్కమంటాను: ఆటోమేషన్ టెస్టింగ్, అంటే ఆ పరీక్షలను ప్రోగ్రాము రాసి చేయించడం. ప్రోగ్రాములు రాయడానికి జావా లేదా పైథాన్, బ్రౌజర్‌ను నడిపి పరీక్షించడానికి సెలీనియం లేదా ప్లేరైట్, ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) పరీక్షలకు పోస్ట్‌మన్, డేటాబేస్‌లో వెతకడానికి కాస్త ఎస్‌క్యూఎల్. సెలీనియం, ప్లేరైట్ ఉచితం, పోస్ట్‌మన్‌లోనూ ఉచిత ప్లాన్ ఉంది. సర్టిఫికెట్ కావాలనిపిస్తే టెస్టర్లకిచ్చే ఐఎస్‌టీక్యూబీ ఫౌండేషన్ చాలు, దానికి గడువు తీరిపోవడమంటూ ఉండదు. అన్నిటికన్నా బ్యాంకు యాప్‌ల అనుభవం పెద్దది. చెల్లింపు మధ్యలో నెట్ పోతే ఖాతాలో డబ్బు తగ్గి అవతలికి చేరకపోవడం, అదే చెల్లింపు రెండుసార్లు జరగడం – ఇలాంటివి ఎలా పట్టుకోవాలో అతనికి తెలుసు. ఒక నమూనా చెల్లింపు యాప్ తీసుకుని వాటికి ఆటోమేషన్ పరీక్షలు రాసి గిట్‌హబ్‌లో (కోడ్‌ను అందరికీ చూపించే సైట్‌లో) పెట్టమనండి. పాత సంస్థ కోడ్ మాత్రం ఒక్క ముక్క కూడా వాడకూడదు. పాత సంస్థ ఇవ్వాల్సిన రిలీవింగ్ లెటర్ (పని నుంచి విడుదల చేసినట్టు పత్రం) ఇంకా రాకపోతే ఈ వారమే అడిగి తీసుకోమనండి.

సంబంధాల వాళ్లకు ‘ఇంటి నుంచి పనిచేస్తున్నాడు’ అని చెబుతున్నట్టయితే ఈరోజే మానేయండి. వాళ్లూ లింక్డ్‌ఇన్ చూస్తారు.