టెక్ సందేహాలు: బాలి ఏటీఎంలో మీ డెబిట్ కార్డు

ప్రశ్న: వచ్చే నెలలో కుటుంబంతో బాలి వెళుతున్నాం. అక్కడి ఏటీఎంలో కార్డు వాడి వచ్చిన మా బంధువుల ఖాతాలోంచి, ఇంటికి చేరిన కొన్ని వారాలకు డబ్బు పోయింది. కార్డు వాడవచ్చా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: సెలవులు దగ్గరపడితే చాలు, ఇదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. కార్డు నిశ్చింతగా వాడవచ్చు కానీ, బాలిలో పర్యాటకులు ఎక్కువగా తిరిగే కుటా వీధుల్లో దుకాణాల పక్కన కాపలా లేకుండా ఉండే ఏటీఎంల జోలికి మాత్రం వెళ్లవద్దు. కార్డు పెట్టే చోట అచ్చం అలాంటిదే మరో తొడుగు బిగించి, కార్డు వెనుక నల్ల పట్టీలోని సమాచారాన్ని కాజేసి, పైన దాచిన చిన్న కెమెరాతో పిన్ నంబరు పట్టేసే ముఠాలు బాలిలో పలుమార్లు పట్టుబడ్డాయి. కార్డు మీద ఉండే చిప్‌కు నకలు తీయడం బాగా కష్టం. పట్టీకి నకలు తీస్తే, చిప్ అడగని యంత్రం ఏ దేశంలో ఉన్నా అక్కడ డబ్బు లాగేయవచ్చు. మీ బంధువులకు జరిగింది బహుశా ఇదే. కాబట్టి బ్యాంకు శాఖ లోపలి ఏటీఎంనే వాడండి, కార్డు పెట్టే భాగాన్ని ఒకసారి గట్టిగా కదిపి చూడండి, పిన్ నొక్కేటప్పుడు రెండో చెయ్యి అడ్డు పెట్టండి. జీతం పడే ఖాతా కార్డును ఇంట్లోనే ఉంచి, ప్రయాణానికి సరిపడా సొమ్ము మాత్రమే ఉన్న వేరే ఖాతా కార్డు తీసుకెళ్లండి.

రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేస్తేనే పనిచేస్తాయి. డబ్బు తీసే ముందు ఆన్ చేసి, తీశాక వెంటనే ఆఫ్ చేయండి. ఇంత విలువైన మీటను కొన్ని బ్యాంకు యాప్‌లు ఎక్కడో అడుగున దాచి, పైగా ఓటీపీ అడగడం నాకు ఏమాత్రం నచ్చదు, ఎందుకంటే విమానాశ్రయంలో స్థానిక సిమ్ వేసుకోవడానికి మన సిమ్ తీసేసినవారికి ఆ ఓటీపీ రాదు. మన సిమ్‌లో రోమింగ్ ముందే పెట్టించుకుని, డేటాకు ఈసిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోనే పెట్టుకునే డిజిటల్ సిమ్) వాడండి.

మొత్తాన్ని మన రూపాయల్లోకి మార్చమంటారా అని యంత్రం అడిగితే వద్దనండి. ఒప్పుకుంటే సాధారణంగా నష్టపు రేటే పడుతుంది. ఒప్పుకునే బటన్‌ను పెద్దదిగా చూపి, వద్దంటే లావాదేవీ రద్దవుతుందేమోనని భయపడేలా ఆ తెరను రూపొందించడం అన్యాయం. వద్దన్నా డబ్బు రుపియాల్లో, అంటే ఇండోనేషియా కరెన్సీలో, మామూలుగానే వస్తుంది. ఇంకొకటి, అక్కడి చాలా యంత్రాలు ముందు నోట్లు, తర్వాతే కార్డు ఇస్తాయి. కార్డు చేతికి వచ్చేదాకా కదలవద్దు.