నాన్నకు వచ్చింది 55 మార్కులా, 40 మార్కులా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండు నెలల క్రితం పెరాలసిస్ వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసేటప్పుడు కాగితంలో బార్తెల్ స్కోరు (రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటున్నారో 100కి వేసే లెక్కట) 30 అని, ఎంఆర్‌ఎస్ అనే ఇంకో కొలత 4 అని రాశారు. పోయిన వారం క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి ఫిజియోథెరపిస్టు 55 వేశారు, మేమంతా సంతోషపడ్డాం. నాలుగు రోజులకే, ఇంటికొచ్చే ఫిజియో అమ్మాయి అదే ఫారం నింపి 40 అంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య 'నాలుగు రోజుల్లో 15 మార్కులు ఎలా పడిపోతాయి, ఆ అమ్మాయిని మాన్పించు' అని రోజూ ఫోన్లో గొడవ. అమ్మ మాత్రం ఏ లోటూ రానివ్వడం లేదు, అన్నం తనే కలిపి తినిపిస్తుంది, తల దువ్వుతుంది, చొక్కా తొడుగుతుంది. రెండు ఫారాల ఫొటోలు పంపుతున్నాను. ఎవరి లెక్క నమ్మాలండీ?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ అమ్మాయిని మాన్పించకండమ్మా.

మీరు పంపిన రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. పది అంశాల్లో ఏడు అచ్చంగా ఒకేలా ఉన్నాయి. తేడా వచ్చింది మూడింటిలోనే: తినడం ఒకటి, తల దువ్వుకోవడం, పళ్లు తోముకోవడం లాంటి సొంత పనులు ఒకటి, బట్టలు వేసుకోవడం ఒకటి. ఒక్కోదానికి 5 చొప్పున 15 పోయాయి. ఆ మూడూ మీ అమ్మగారు చేసిపెడుతున్న పనులే అని మీ ఉత్తరంలోనే ఉంది!

జరిగింది ఇదీ. క్లినిక్‌లో నాన్నగారి ఎడమ చేతికి స్పూను ఇచ్చి ఉంటారు, నాలుగు ముద్దలు తిన్నారు, 5 వేశారు. దువ్వెన ఇచ్చారు, దువ్వుకున్నారు, ఇంకో 5. ఇంట్లో ఆ స్పూనూ దువ్వెనా అమ్మ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ అమ్మాయి సున్నా వేసింది. బార్తెల్ ఫారం నింపడంలో అసలు రూలే అది, మనిషి ఏం చేయగలడు అని కాదు, ఈ ఒకటి రెండు రోజుల్లో నిజంగా ఏం చేస్తున్నాడు అన్నదే రాయాలి. పేషెంటునీ ఇంట్లోవాళ్లనీ అడిగి రాసుకోవచ్చు, ఎదురుగా చేయించి చూడాల్సిన పని కూడా లేదు. రూలు ప్రకారం 40 కరెక్టు. అలాగని 55 అబద్ధమూ కాదు, అది ఆయన చేతిలో ఉండి కూడా రోజూ వాడని శక్తి. నన్నడిగితే మీకు ఈ రెండు అంకెల కంటే వాటి మధ్య ఉన్న ఆ 15 ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో మాట, ఇవి పరీక్ష మార్కులు కావు, '40 శాతం నయమైంది' అని కూడా కాదు. అన్నయ్యకు ఇది గట్టిగా చెప్పండి. అమెరికాలోని మేరీలాండ్‌లో దీర్ఘకాల రోగుల ఆస్పత్రుల్లో పనిచేసిన ఫ్లోరెన్స్ మహోనీ అనే డాక్టరు, డొరొతియా బార్తెల్ అనే ఫిజియోథెరపిస్టు కలిసి 1965లో దీన్ని ప్రచురించారు. పక్కనున్న మనిషికి ఎంత టైము, ఎంత కష్టం పడుతోంది అన్న లెక్క మీద మార్కులు కట్టారు. అందుకే మంచం మీద నుంచి కుర్చీలోకి మారడానికి 15, నడకకు 15, స్నానానికి మాత్రం ఉత్త 5. మిగతావాటిలో సొంత పనులకు 5, తినడం, బట్టలు, మలం, మూత్రం అదుపు, టాయిలెట్, మెట్లు ఒక్కోదానికి 10. మొత్తం 100. కర్ర పట్టుకుని నడిచినా సొంతంగా నడిచినట్టే లెక్క, కానీ పడిపోతారేమో అని పక్కన ఒకరు నిలబడాల్సి వస్తే మాత్రం పూర్తి మార్కులు రావు. ఇది చాలామందికి అన్యాయంగా అనిపిస్తుంది, నాక్కూడా మొదట్లో అనిపించేది. ఆ నిలబడే మనిషికి రోజంతా వేరే పని కుదరదు కదా, అందుకని.

అందుకే మొత్తం కంటే లైన్లు చూడండి. డిశ్చార్జినాడు మూత్రానికి గొట్టం ఉంది, ఇప్పుడు లేదు, రోజుకు ఒకసారి తడుపుకుంటున్నారేమో, 5 వచ్చింది. మంచం నుంచి లేవడంలో 10, ఒకరు పట్టుకుంటే నడుస్తున్నారు, అక్కడ ఇంకో 10. రెండు నెలలకు ఇది చిన్న విషయం కాదండీ.

ఎంఆర్‌ఎస్ 4 చూసి కంగారు పడొద్దు. అది వేరే కొలత, 0 నుంచి 6 వరకు ఉంటుంది, అందులో అంకె పెరిగేకొద్దీ పరిస్థితి బాగోలేనట్టు. 4 అంటే ఒకరి సాయం లేకుండా నడవలేరు, సొంత అవసరాలు చూసుకోలేరు అని. 3 అంటే కొంత సాయం కావాలి గానీ నడక మాత్రం సొంతంగా. మీ నాన్నగారికి వచ్చే మజిలీ అదే.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడతో 'నువ్వు చెయ్యొద్దు' అంటే బాధపడతారు, పైగా రెండు నెలలుగా నిద్ర లేకుండా చేస్తున్న మనిషి. రేపు పొద్దున ఇడ్లీతో మొదలుపెట్టండి. అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్లెం, కింద తడిగుడ్డ వేస్తే జారదు, లావు పిడి ఉన్న స్పూను ఎడమ చేతికి. ఎడం చేత్తో తినడమా అని మన పెద్దవాళ్లు మొహమాటపడతారు, ముఖ్యంగా నలుగురిలో, అందుకని మొదటి వారం ఇంట్లోవాళ్లు మాత్రమే ఉన్నప్పుడు తిననివ్వండి. మధ్యాహ్నం అన్నం అమ్మే కలపొచ్చు, తినడం ఆయన వంతు. కలిపి పెట్టినా, సగానికిపైగా శ్రమ ఆయనదే అయితే 5 వస్తుంది. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతున్నా, తిన్నాక గొంతు గరగరమంటున్నా ఇవన్నీ ఆపి ముందు డాక్టరుకు చూపించండి.

చొక్కాకి ఒక చిట్కా: తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. కూర్చునే చెయ్యాలి. గుండీలు అమ్మ పెట్టినా ఫర్వాలేదు. ఏది ఏమైనా, ఆయన్ని లేపడానికి ఆ కుడి చెయ్యి పట్టుకుని మాత్రం లాగొద్దు, భుజం కీలు జారిపోయే ప్రమాదం ఉంది. నడుముకు బెల్టు కట్టి ఆ బెల్టు పట్టుకోండి, పద్ధతి ఆ అమ్మాయే చూపిస్తుంది.

నెల తర్వాత మళ్లీ ఫారం నింపించండి, అదే మనిషితో, ఇంట్లోనే. అన్నయ్యకు అంకె చెప్పకండి, పది లైన్ల ఫొటో పంపండి.

ప్రశ్న: మా అత్తగారికి స్ట్రోక్ వచ్చి ఏడాదయింది. ఈ నెల చెకప్‌లో బార్తెల్ 100కి 100 వచ్చింది. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. ఇక పగలు ఒంటరిగా వదలొచ్చా?
- ఒక కోడలు, కరీంనగర్

జవాబు: ఆ కాగితం ఒక్కటి చూసి వదలకండి. 100 వచ్చినంత మాత్రాన ఒంటరిగా బతకగలరని కాదు, వంట చెయ్యలేకపోవచ్చు, ఇల్లు చూసుకోలేకపోవచ్చు అని దాన్ని తయారుచేసినవాళ్లే రాశారు. ఆ పది అంశాల్లో గ్యాస్ పొయ్యి లేదు, బీపీ మాత్రలు లేవు, మాట తడబాటు లేదు, దిగులు లేదు. ఫోను, వంట, మందులు, డబ్బు లెక్కలు చూడ్డానికి 1969లో వచ్చిన లాటన్ స్కేలు వేరే ఉంది, దాని గురించి మీ ఫిజియోని అడగండి.

ఈలోపు ఒక వారం మీరిద్దరూ ఇంట్లో ఉండగానే లేనట్టు ఉండి చూడండి. మధ్యాహ్నం మాత్ర గుర్తుంచుకుని వేసుకున్నారా, పాల గిన్నె దించాక స్టవ్ కట్టేశారా, మీ నంబరుకి తనే ఫోన్ చేసి సంగతి చెప్పగలుగుతున్నారా, 108కి చేసి ఇంటి అడ్రసు అర్థమయ్యేలా చెప్పగలరా. ఇవన్నీ కుదిరితే మొదట రెండు గంటలు వదలండి. లోపలి గడియ మాత్రం వేసుకోవద్దని చెప్పి, మారుతాళం పక్కింట్లో ఇచ్చి వెళ్లండి.