గంజాయి చట్టబద్ధమయ్యాక కూడా కేసులెందుకు?

ప్రశ్న: కెనడాలో గంజాయి తప్పు కాదన్నారు కదా, మరి దాడులు, అరెస్టులు ఇంకా ఎందుకండీ? ఆ డబ్బు వైద్యానికి పెట్టొచ్చుగా?

జవాబు: అక్కడ 2018 అక్టోబరు 17 నుంచి పెద్దవాళ్లు బయట 30 గ్రాముల దాకా ఎండు గంజాయి దగ్గర పెట్టుకోవచ్చు. అంతవరకే. లైసెన్సు లేకుండా అమ్మితే నేరం, మైనర్లకిస్తే 14 ఏళ్ల దాకా జైలు. పిల్లలకు అమ్మేవాణ్ని వదిలేయమని నేను చచ్చినా అనను. జేబులో నాలుగు గ్రాములు ఎక్కువున్న కుర్రాడి వెనక పడే ఖర్చు మాత్రం దండగే, అక్కడ మీ మాటే నా మాట.

ఆ డబ్బుకు పని లేకనా? గంజాయి కలిపిన గమ్మీ చూడ్డానికి అచ్చం చాక్లెట్టే, మూడేళ్ల పిల్ల ఒకటి నోట్లో వేసుకుంటుంది, అరగంటైనా ఏమీ అనిపించదు కాబట్టి ఇంకోటి తింటుంది, ఆ తర్వాత ఎంత లేపినా కళ్లు తెరవదు. తినే రకాలు అమ్మకానికొచ్చాక ఇలా ఆసుపత్రికొచ్చే పిల్లల సంఖ్య కెనడాలో పెరిగింది. అమెరికాలోని కొలరాడోలో గంజాయి మీద 15 శాతం ఎక్సైజ్ పన్నులో పెద్ద వాటా స్కూలు భవనాలకు వెళ్తుంది, మంచిదే, కానీ ముందు ఎమర్జెన్సీ వార్డులకు, మానేద్దామని వచ్చినవాడికి ఆ వారమే దొరికే కౌన్సెలింగ్‌కు ఇవ్వాలంటాను.