సికేరోస్ సుడులు రావాలంటే నలుపు మీద తెలుపు పోయండి

మెక్సికో చిత్రకారుడు సికేరోస్ 1936లో వేసిన ‘సామూహిక ఆత్మహత్య’లోని సుడుల కోసం మీరు చెక్కమీద ముందు తెలుపు, దానిమీద నలుపు పోశారు. రంగులు ఉలకలేదు, పలకలేదు అంటున్నారు. తప్పు మీ చేతిది కాదు, వరుసది. తిరగేయండి: కింద నలుపు, పైన తెలుపు.

తెలుపులో ఉండే సీసం లేదా టైటానియం పొడి బరువైనది. నలుపులోని మసి తేలిక. బరువైనది పైన ఉంటే కిందికి దిగబోతుంది, తేలికది సందు చేసుకుని పైకి వస్తుంది. ఆ పెనుగులాటే చుక్కలు, గూళ్లు. భౌతికశాస్త్రంలో దీన్ని రేలీ-టేలర్ అస్థిరత అంటారు. మీరు తేలికదాన్ని పైన పెట్టారు కాబట్టి అది హాయిగా అక్కడే కూర్చుంది.

సికేరోస్ న్యూయార్క్ ప్రయోగశాలలో వాడింది కార్లకు వేసే నైట్రోసెల్యులోజ్ లక్క. త్వరగా ఆరుతుంది కనుక సుడి చెదిరేలోపే గట్టిపడుతుంది. ఇంట్లో మాత్రం వద్దు. ఆవిరి మంచిది కాదు, ఇట్టే నిప్పంటుకుంటుంది. అక్రిలిక్ రంగును ధారగా జారేంత పలుచన చేస్తే చాలు.

అన్నట్టు, సికేరోస్ చిత్రంలో ఆ సుడులు అలంకారం కాదు. స్పెయిన్ ఆక్రమణదారులకు లొంగడం కంటే చావే మేలనుకున్న మెక్సికో మూలవాసులు చిచిమెక్ ప్రజల చుట్టూ కుతకుతలాడే నేల అది. అందుకే మరీ అందంగా వస్తే నాకైతే అనుమానమే.

పలకను సమతలంగా ఉంచి, ఆరేదాకా కదపకండి.