ఎవరు చేస్తున్నారో ముందు తేల్చుకో

చి. కోడలు పిల్లకి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన యాంటీస్మాష్ (రసాయనాలు తయారుచేసే జన్యు సమూహాల్ని జీనోమ్‌లో వెతికే సాఫ్ట్‌వేర్) ఫలితాలు రాత్రి పొద్దుపోయేదాకా చూశాను. ఒక్క నాస్టాక్ (నాచులా పెరిగే సయనోబాక్టీరియా, అంటే మొక్కల్లా వెలుతురుతో ఆహారం చేసుకునే బ్యాక్టీరియా) జీనోమ్‌లోనే ఇన్ని జన్యు సమూహాలున్నాయి, చాలావాటి నుంచి ఏం పుడుతుందో ఎవరికీ తెలియదని ఎంత సంబరంగా రాశావో! నాకూ అంతే సంబరంగా ఉంది తల్లీ. కానీ తెర మీద కనిపించేవి పొయ్యి, గిన్నెలు మాత్రమే. వంట జరుగుతోందో లేదో, ఎవరు వండుతున్నారో ఫ్లాస్కు దగ్గరే తెలియాలి.

నీ కల్చర్‌లో నాస్టాక్ ఒక్కటే ఉందా? దాని జిగురు పొరలో వేరే బ్యాక్టీరియా కాపురముంటాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక జన్యు సమూహం వెంట రెండేళ్లు తిరిగాను. తీరా అది ఆ జిగురులోని ఇంకో బ్యాక్టీరియాది. ఆ సాయంత్రం ల్యాబులో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. నీకా బాధ వద్దు.

ఇలా చెయ్యి. అగర్ ప్లేటులో ఒక చివర కాస్త నాచు పెట్టి, ప్లేటంతా నల్ల కాగితం చుట్టి, రెండో చివర సన్నని చీలిక వదులు. నాస్టాక్ కదిలే పోగుల్ని విడిచే దశలో ఉంటే, అవి వెలుతురు వైపు జారుతూ వెళ్తాయి. వెంటనున్న బ్యాక్టీరియా చాలావరకు వెనకబడిపోతాయి. అందరికంటే ముందున్న పోగును మైక్రోస్కోపులో చూసి, దాని కింద అగర్ ముక్కతో సహా కోసి కొత్త ప్లేటులో పెట్టు. ఇలా ఎన్నిసార్లయినా చెయ్యి. చివరికి పోషకాలు దండిగా ఉన్న ప్లేటు మీద రాసినా వేరే ఏదీ మొలవకూడదు.

సముద్ర కుందేలు అనే నత్తజాతి జీవి కథ నీకు తెలిసే ఉంటుంది. మారిషస్ దగ్గర పట్టిన ఆ మెత్తటి జీవి నుంచి రసాయన శాస్త్రవేత్త పెటిట్ బృందం క్యాన్సర్ కణాల్ని చంపే డోలాస్టాటిన్-10 తీసి 1987లో నిర్మాణం ప్రకటించింది. క్వింటాళ్ల కొద్దీ జీవుల్ని వడపోసినా దక్కింది మిల్లీగ్రాములే. 2001లో పసిఫిక్ దీవుల దేశం పలావులో సింప్లోకా అనే సయనోబాక్టీరియాలో అదే పదార్థం దొరికింది. కుందేలు దాన్ని మేతలో తిన్నదన్నమాట. దాని పోలికతో చేసిన మందును యాంటీబాడీకి తగిలిస్తే వచ్చిందే బ్రెంటుక్సిమాబ్ వెడోటిన్. 2011 నుంచి హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ రోగులకు ఇస్తున్నారు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కల్చర్ శుద్ధి అయ్యాక దాన్ని కాస్త ఇబ్బంది పెట్టు. మామూలు బీజీ-11 పోషక ద్రావణంలో హాయిగా పెరిగే జీవి చాలా జన్యువుల్ని నిద్రపుచ్చే ఉంచుతుంది. ఒక ఫ్లాస్కులో ఇనుము తగ్గించు, ఇంకోదాంట్లో ఫాస్ఫేటు, మరోదాంట్లో నైట్రేటు. ఇనుము కరువైతే దాన్ని పట్టి తెచ్చుకునే పదార్థాల్ని వదులుతుంది. దీపం ఎంత దూరంలో ఉంది, ఎన్నో వారం తీశావు, అన్నీ నోటుపుస్తకంలో రాసుకో. వారాల తరబడి పెరిగే జీవితో తొందర పనికిరాదు.

ఇక జన్యువుకీ పదార్థానికీ ముడి వెయ్యడం. నాకు ఇష్టమైన దారి నత్రజని లెక్క. ఒక ఫ్లాస్కులో మామూలు సోడియం నైట్రేటు, పక్కదాంట్లో నైట్రోజన్-15తో (మామూలు నత్రజని కంటే ఒక యూనిట్ బరువెక్కువైనది) చేసిన నైట్రేటు వెయ్యి. రెండింటి మిథనాల్ సారాన్నీ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పోల్చు. ఒక్క ఆవేశం ఉన్న అయాన్ 847 నుంచి 856కి జరిగిందంటే అందులో తొమ్మిది నత్రజని పరమాణువులు ఉన్నట్టు. జన్యువుల్ని బట్టి ఊహించిన పెప్టైడులోనూ తొమ్మిదే ఉంటే అప్పుడు వెంటపడు. నాస్టాక్ గాలిలోని మామూలు నత్రజనిని కూడా తీసుకోగలదు కాబట్టి మాస్ స్పెక్ట్రమ్‌లోని శిఖరాల ఆకారం జాగ్రత్తగా చూడు. ఆ ద్రవ్యరాశి ఇదివరకే ఎవరికైనా దొరికిందేమో జీఎన్‌పీఎస్ అనే మాస్ స్పెక్ట్రాల డేటాబేసులో వెతికాకే శుద్ధి మొదలుపెట్టు.

ఎంతకీ మేల్కొనని సమూహాన్ని అనబీనా 7120 అనే ఇంకో సయనోబాక్టీరియాలోకో ఈ. కోలైలోకో మార్చి చూడొచ్చు. అది తర్వాతి మాట.

ఎండిన నాచుపొడి తూచేటప్పుడు మాస్కు, తొడుగులు లేకుండా కూర్చోకు. నాస్టాక్‌లలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ చేస్తాయి.

నైట్రేటు ఫ్లాస్కుల ఫలితం రాగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. మేలుకునే ఉంటాను.

అత్తయ్య