ఉబ్బింది నరం కాదు, సిర: కాళ్ల సిరల జబ్బులపై పాఠకుల ప్రశ్నలు, వైద్యుడి జవాబులు

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లులో ఇరవై ఏళ్లుగా నిలబడి చేసే పనిలో ఉన్నాను. ఎడమకాలికి మోకాలి లోపలి వైపు నుంచి కింది దాకా నరాలు వానపాముల్లా మెలికలు తిరిగి తేలాయి. పొద్దుగూకే సరికి పిక్కలు బరువెక్కి గుంజుతాయి. మా ఊరి ఆర్ఎంపీ నరాల బలానికని పది ఇంజెక్షన్లు ఇచ్చినా తగ్గలేదు. ఇప్పుడు ఒకరు లేజర్ అంటున్నారు, ఒకరు గమ్ము పెడతారంటున్నారు, ఇంకొకరు కోసి తీసేయాలంటున్నారు. వీటిలో ఏది మంచిది?

జవాబు: మీ చికిత్స దారి తప్పడానికి సగం కారణం మన భాషలోనే ఉంది. స్పర్శను, నొప్పిని మెదడుకు చేరవేసే తంతువునూ నరమే అంటాం, రక్తం ప్రవహించే గొట్టాన్నీ నరమే అంటాం. అందువల్ల కాళ్లలో సిరలు ఉబ్బినవారు నరాల డాక్టరు దగ్గరికి వెళ్లడం, బి విటమిన్ ఇంజెక్షన్లతో నెలలు గడిపేయడం నేను తరచూ చూస్తుంటాను. మీకు ఉబ్బినవి సిరలు, అంటే చెడు రక్తాన్ని కాళ్ల నుంచి గుండెకు తిరిగి తీసుకువెళ్లే గొట్టాలు. బలం ఇంజెక్షన్లకూ వాటికీ ఏ సంబంధమూ లేదు.

బావి మోటారు నడిపిన వారికి ఈ జబ్బును వివరించడం తేలిక. పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వ్ పాడైతే మోటారు ఆపగానే ఎక్కిన నీరంతా తిరిగి బావిలోకి జారిపోతుంది. కాళ్ల సిరల్లో కూడా రక్తాన్ని పైకి మాత్రమే పోనిచ్చే చిన్న చిన్న కవాటాలు ఉంటాయి, నడిచేటప్పుడు బిగుసుకునే పిక్క కండరాలే వాటికి మోటారు. కదలకుండా నిలబడ్డ మనిషి కాలి గిలక (చీలమండ) దగ్గర సిరలోని పీడనం దాదాపు 80 నుంచి 90 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. కవాటాలు బాగున్నవారు నాలుగడుగులు వేస్తే అది సుమారు 30కి పడిపోతుంది. కవాటాలు పాడైనవారిలో నడిచినా అంతగా తగ్గదు, ఆ ఒత్తిడికే పైనున్న సిరలు సాగి, మెలికలు పడి, చర్మం కింద తేలుతాయి. మిల్లులో గంటల తరబడి ఒకేచోట నిలబడటం ఈ జబ్బును ముదిరేలా చేస్తుంది, అయితే తల్లిదండ్రుల నుంచి వచ్చే వారసత్వం కూడా చిన్న కారణం కాదు.

అందుకని ఏ పద్ధతి మంచిదో తేల్చే ముందు, లీకు ఎక్కడుందో తెలుసుకోవాలి. దానికి సిరల్లో రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ కావాలి, అది కూడా మిమ్మల్ని నిలబెట్టి చేయాలి. పడుకోబెట్టి హడావుడిగా తీసిన రిపోర్టులో అన్నీ సరిగా ఉన్నట్టు కనిపించవచ్చు. పిక్కను నొక్కి వదిలినప్పుడు పై సిరలో రక్తం అర సెకను కన్నా ఎక్కువసేపు కిందికి జారితే ఆ కవాటం పాడైనట్టు లెక్క. మీరు చెప్పిన గుర్తులను బట్టి చూస్తే గజ్జ నుంచి తొడ లోపలి భాగం మీదుగా గిలక దాకా దిగే పొడవాటి సిరలోనే లోపం ఉండవచ్చు. కానీ లోతు సిరల్లో పాత గడ్డ ఏదైనా ఉందా అన్నది కూడా ఆ స్కాన్‌లోనే చూడాలి, ఎందుకంటే లోపలి దారి మూసుకుపోయిన కాలిలో బయటి దారిని కూడా మూసేయడం ప్రమాదకరం.

ఇక పద్ధతుల సంగతి. లేజర్, రేడియో ఫ్రీక్వెన్సీ రెండూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. మోకాలి దగ్గర సూది రంధ్రం గుండా సన్నని తీగను సిరలోకి ఎక్కించి, దాని చుట్టూ మత్తు కలిపిన చల్లని సెలైన్ నింపి, లోపలి నుంచి వేడితో సిరను మూసేస్తారు. రేడియో ఫ్రీక్వెన్సీలో బాగా వాడుకలో ఉన్న పరికరం 7 సెంటీమీటర్ల ముక్కను 120 డిగ్రీల వేడితో 20 సెకన్లలో మూసి, వెనక్కి జరిగి తర్వాతి ముక్కను అందుకుంటుంది. రెండింటిలోనూ ఏడాది తర్వాత చూసినా నూటికి తొంభైకి పైగా సిరలు మూసుకునే ఉంటాయి. ఈ రెండింటిలో ఏది గొప్ప అన్న వాదనలో నాకు పెద్ద సారం కనిపించదు. మీ డాక్టరు చేయి ఏ యంత్రానికి అలవాటు పడిందో అదే మీకు మంచిది. మీరు గమ్ము అన్నది సయనోయాక్రిలేట్, ఇళ్లలో విరిగిన వస్తువులు అతికించే జిగురు జాతికి చెందిన మందు. దానికి వేడి అవసరం లేదు, కాలంతా మత్తు సూదులు గుచ్చనక్కర్లేదు. అయితే ఖర్చు ఎక్కువ, కొందరికి సిర పొడవునా దురద, ఎరుపు వస్తాయి. పాలిడోకనాల్ వంటి మందును గాలితో కలిపి నురగ చేసి ఎక్కించే పద్ధతి వంకర టింకర సిరలకు, మళ్లీ వచ్చిన సిరలకు బాగా పనికొస్తుంది, కానీ పెద్ద సిర అలా మూసినా మళ్లీ తెరుచుకునే అవకాశం వేడి పద్ధతుల్లో కన్నా ఎక్కువ. గజ్జ దగ్గర కోసి, ముడివేసి, సిరను లాగేసే పాత ఆపరేషన్ చెడ్డదేమీ కాదు. సిర మరీ వెడల్పైనప్పుడు, ఇతర సదుపాయాలు లేనిచోట నేటికీ చేస్తున్నారు, కాకపోతే కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శకాలు 2013లోనే వేడి పద్ధతులను మొదటి వరుసలో, నురగను రెండో వరుసలో, ఆపరేషన్‌ను మూడో వరుసలో పెట్టాయి. నా సలహా కూడా అదే క్రమం.

ఎక్కువమందికి ప్రక్రియ జరిగిన రోజే నడిచి ఇంటికి వెళ్లవచ్చు. నిమ్స్, ఉస్మానియా ఆసుపత్రుల్లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగాలు ఉన్నాయి. మీకు సూచించిన చికిత్స ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో లేదో ఆసుపత్రిలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగి, ఆ తర్వాతే డబ్బు మాట్లాడుకోండి.

ప్రశ్న: మాది గద్వాల. మా అమ్మకు 61 ఏళ్లు, ఒంట్లో శక్తి ఉన్నంతకాలం మగ్గం నేసింది. కుడికాలి గిలకకు లోపలి వైపున రెండేళ్లుగా పుండు ఉంది, మానినట్టే మాని మళ్లీ నీరు కారుతుంది. చుట్టూ చర్మం నల్లబడి గట్టిపడింది. షుగర్ లేదు. పసుపు, ఆకు పసరు, రకరకాల పూత మందులు అన్నీ అయ్యాయి. ఇది బోదకాలు అని, పింఛను కోసం దరఖాస్తు పెట్టుకోమని కొందరు అంటున్నారు. నిజమేనా?

జవాబు: బాబూ, మీరు రాసిన మూడు గుర్తులు, అంటే గిలక లోపలి వైపు, చుట్టూ నల్లని గట్టి చర్మం, మాని తిరగబెట్టడం, సిరల పుండునే సూచిస్తున్నాయి. బోదకాలు దోమల ద్వారా వచ్చే ఫైలేరియా వల్ల శోషరస నాళాలు, అంటే కణాల మధ్య చేరే నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాలు దెబ్బతిని వచ్చేది, అందులో వాపు పాదం పైభాగానికి, వేళ్లకు కూడా పాకుతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. అమ్మ కాలి రెండో వేలు మొదట్లో చర్మాన్ని మీ బొటనవేలు, చూపుడువేలు మధ్య చిటికెడు పట్టి ఎత్తండి. మడత సులువుగా పైకి లేస్తే బోదకాలు కాకపోవచ్చు, మందంగా ఉండి అసలు చేతికి చిక్కకపోతే అనుమానించాలి. చిరకాలం సాగిన సిరల జబ్బులో రెండూ కలిసిపోవడం కూడా ఉంటుంది కనుక తుది మాట డాక్టరుదే. పింఛను సంగతి రోగ నిర్ధారణ అయ్యాక చూసుకోవచ్చు.

ఇక పుండు. పైన ఎన్ని పూతలు పూసినా అది మానకపోవడానికి కారణం పుండులో లేదు, దాని వెనకనున్న పీడనంలో ఉంది. పగిలిన కాలువ గట్టు మీద మట్టి పోస్తూ, పైన తూము దించకపోతే ఏం లాభం? ఈ పుండుకు అసలు మందు గట్టి కట్టు. పాదం వేళ్ల మొదలు నుంచి మోకాలి కింది దాకా, పొరలు పొరలుగా, గిలక దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పీడనం ఉండి పైకి వెళ్లే కొద్దీ తగ్గేలా కట్టాలి. మామూలు బట్టతో గానీ, డ్రెస్సింగ్‌కు వాడే పలుచని గాజ్ గుడ్డతో గానీ ఈ పని జరగదు, నేర్చుకున్నవారి చేత వారానికి ఒకటి రెండుసార్లు కట్టించుకోవాలి. అయితే దానికి ముందు ధమనులు, అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే గొట్టాలు బాగున్నాయో లేదో తప్పక చూడాలి. చేతి బీపీని, గిలక దగ్గరి బీపీని పోల్చే పరీక్ష ఒకటుంది. గిలక అంకెను చేతి అంకెతో భాగిస్తే 0.8 కన్నా తక్కువ వస్తే గట్టి కట్టు విషయంలో చాలా జాగ్రత్త పడాలి, 0.5 కన్నా తక్కువ వస్తే కట్టకూడదు. బీడీ, చుట్ట అలవాటున్నవారిలో ఈ పరీక్ష చేయకుండా కట్టు బిగిస్తే కాలే పోవచ్చు.

పుండు మానాక సిర సంగతి చూద్దాంలే అనే పాత పద్ధతిని ఇప్పుడు వదిలేశారు. బ్రిటన్‌లో 450 మంది రోగులతో చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కట్టుతో పాటు పాడైన సిరను వెంటనే మూసినవారికి పుండు మానడానికి మధ్యస్థంగా 56 రోజులు పట్టింది, తర్వాత చేద్దామని ఆగినవారికి 82 రోజులు పట్టింది. కాబట్టి డాప్లర్ చేయించి సిర పని కూడా ఇప్పుడే చూడమని అడగండి. ఇంకొక మాట, రెండేళ్ల నాటి పుండు అంచులు ఎత్తుగా, కండలా పెరిగి ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి, ఎందుకంటే అరుదుగా అక్కడ క్యాన్సర్ పుడుతుంది. ఇంట్లో ఉన్నంతసేపూ అమ్మ కాలును గుండె కన్నా ఎత్తులో, రెండు దిండ్ల మీద పెట్టించండి. కుర్చీలో కూర్చుని ముందు స్టూలు మీద కాలు చాపితే గుండె ఎత్తుకు చేరదు, అది సరిపోదు.

ప్రశ్న: మాది నల్లగొండ. ఏడో నెల గర్భంతో ఉన్నాను. రెండు కాళ్లకూ నీలంగా నరాలు తేలాయి, తొడ పైభాగంలో కూడా ఉన్నాయి. ఇప్పుడే లేజర్ చేయించుకోవాలా?

జవాబు: వద్దమ్మా. గర్భంలో హార్మోన్ల వల్ల సిరల గోడలు సడలుతాయి, పెరిగే గర్భసంచి కడుపులోని పెద్ద సిరలను ఒత్తుతుంది, అందువల్ల సిరలు తేలడం సాధారణం. ప్రసవమైన కొన్ని నెలల్లో చాలామందికి చాలావరకు తగ్గుతాయి. అప్పటిదాకా కాళ్లను బిగుతుగా పట్టి ఉంచే, గర్భిణులకు సరిపడే సాక్సులు తొడుక్కోండి, ఎడమ వైపు తిరిగి పడుకోండి, సాయంత్రం కాసేపు నడవండి. ఒక కాలు మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడితే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఎందుకో కింది ఉత్తరానికి రాసిన జవాబు చదవండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, నారాయణపేట మండలం. ముంబైలో మేస్త్రీ పని చేస్తాను. పోయిన వారం రాత్రంతా బస్సులో కూర్చుని ఊరికి వచ్చాను. మూడో రోజు నుంచి ఎడమ పిక్క గట్టిగా వాచింది, ముట్టుకుంటే వేడిగా ఉంది. బెణికిందేమోనని మా వాళ్లు నూనె రాసి పిండుతున్నారు.

జవాబు: ముందు ఆ పిండటం ఆపించండి. ఇది లోతు సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. పిండినప్పుడు ఆ గడ్డ విడివడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఆయాసం, ఊపిరి పీల్చేటప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్లు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. అవేవీ లేకపోయినా ఈ ఉత్తరానికి జవాబు అచ్చయ్యేదాకా మీరు ఆగి ఉండరని ఆశిస్తున్నాను. ఇలాంటి వాపు వచ్చిన ఇతర పాఠకులు కూడా అదే రోజు డాప్లర్ చేయించుకోవాలి. గడ్డ ఉన్నట్టు తేలితే రక్తం గడ్డకట్టకుండా చూసే మందులు, అంటే హెపారిన్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత వార్ఫరిన్, లేదా మొదటి నుంచీ రివరాక్సబాన్ వంటి మాత్రలు ఇస్తారు. వాటిని కనీసం మూడు నెలలు వాడాలి. వాపు తగ్గింది కదా అని మధ్యలో మానేసి తిరిగి ముంబై బస్సెక్కడం నేను చూసిన తప్పులన్నిటిలో పెద్దది. ఎడమకాలిలోనే ఎక్కువగా రావడానికి ఒక కారణం ఉంది. కడుపులో ఎడమకాలి సిర మీదుగా కుడికాలి ధమని దాటి వెళుతుంది, ఆ ఒత్తిడికి అక్కడ ప్రవాహం కొంచెం మందగిస్తుంది. దూర ప్రయాణాల్లో కూర్చున్నచోటే మడమలు, మునివేళ్లు మార్చి మార్చి నేలకు నొక్కడం, బస్సు ఆగిన ప్రతిసారీ దిగి నడవడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మహబూబ్‌నగర్ డిపోలో కండక్టరును. మూడేళ్ల కిందట లేజర్ చేయించుకున్నాను, ఇప్పుడు పిక్క మీద మళ్లీ కొన్ని తేలాయి. చేసింది వృథా అయిందా? అసలు సిరను మూసేస్తే రక్తం ఎటు పోతుంది? వేసవిలో ఆ సాక్సులు భరించలేకపోతున్నాను.

జవాబు: వృథా కాలేదు. మూసిన సిర సాధారణంగా మూసుకునే ఉంటుంది. ఆ జబ్బుకు కారణమైన గుణం మీ ఒంట్లోనే ఉంది కనుక పక్కనున్న మరో కొమ్మలో లీకు మొదలవడం మామూలే. దానికి నురగ ఇంజెక్షన్ గానీ, చిన్న రంధ్రాల గుండా ఆ ముక్కలను తీయడం గానీ సరిపోవచ్చు. రక్తం విషయంలో దిగులు వద్దు, కాలి రక్తంలో పది వంతుల్లో తొమ్మిది వంతులు లోతు సిరల ద్వారానే పైకి వెళుతుంది. మూసేసిన సిర అప్పటికే రక్తాన్ని కిందికి జార్చడం తప్ప చేస్తున్న ఉపకారం ఏమీ లేదు. సాక్సులను పొద్దున మంచం దిగకముందే, కాలు వాయకముందే తొడుక్కోండి, రాత్రి పడుకునేటప్పుడు తీసేయండి. లేజర్ తర్వాత అవి కొద్ది వారాలకే కావాలి, సిర బాగుపడ్డాక ఏళ్ల తరబడి వేసుకోవాలన్న నియమం లేదు. వాడే వారు మాత్రం ఆరు నెలలకొకసారి జత మార్చాలి, సాగిపోయిన సాక్సు ఒట్టి గుడ్డే. ఇక వాపు తగ్గడానికి ఇచ్చే డయోస్మిన్ మాత్రలు బరువును, వాపును కొంత తగ్గిస్తాయి గానీ పాడైన కవాటాన్ని బాగుచేయలేవు.

ప్రశ్న: దేవరకొండ దగ్గర మా ఊళ్లో మా నాన్న స్నానం చేస్తుండగా గిలక దగ్గర ఉబ్బిన నరం పగిలి, బండ మీద గీత గీసినట్టు రక్తం చిమ్మింది. మోకాలి పైన తువ్వాలు బిగించి కట్టినా ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. ఆయనను నిలబెట్టే ఆటో దాకా తీసుకెళ్లాం. అదృష్టం కొద్దీ బతికి బయటపడ్డాడు. మేం చేసింది తప్పా?

జవాబు: మీ భయంలో ఎవరైనా అదే చేస్తారు. కానీ పైన కట్టిన తువ్వాలు గుండెకు పోయే రక్తానికి అడ్డుపడి, కింద పీడనాన్ని ఇంకా పెంచింది. నిలబెట్టడం వల్ల ఆ పీడనం మరింత పెరిగింది. ఇలా జరిగినప్పుడు మనిషిని ఉన్నచోటే వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆ కాలును గోడకో కుర్చీకో ఆనించి గుండె కన్నా బాగా ఎత్తులో పెట్టాలి. శుభ్రమైన గుడ్డను నాలుగు మడతలు పెట్టి, రక్తం వచ్చే చోట మీదే, మాటిమాటికీ తీసి చూడకుండా పది నిమిషాలు నొక్కి పట్టాలి. చాలాసార్లు అంతటితో ఆగిపోతుంది. ఆగాక దాని మీదే కట్టు కట్టి, పడుకోబెట్టిన స్థితిలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒకసారి పగిలిన చోట చర్మం పలచగా ఉంటుంది, మళ్లీ పగలవచ్చు. కాబట్టి నాన్నకు డాప్లర్ చేయించి, ఆ సిరను మూయించే పని ఈ నెలలోనే పెట్టుకోండి. అప్పటిదాకా స్నానాల గదిలో కూర్చోవడానికి ఒక స్టూలు, చేతికి అందేలా ఒక శుభ్రమైన గుడ్డ ఉంచండి, వేడినీళ్లు ఆ కాలి మీద పోసుకోనివ్వకండి, లోపలి నుంచి గడియ పెట్టుకోవద్దని ఆయనకు చెప్పండి.